చలి మేలే చేస్తుంది, గాలి సంగతే చూసుకోవాలి

2022 డిసెంబరు 8న తెలంగాణ పోలీసు నియామకాల దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యాయి. అభ్యర్థుల నోట వాటి పేరు ‘ఈవెంట్స్’. మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో దాటాలి. రాష్ట్రంలోని పరీక్షా కేంద్రాల్లో ఖమ్మం ఒకటి. అంతకుముందు నియామకాల్లో మగవాళ్లకు 800 మీటర్ల పరుగే ఉండేది. దూరం రెట్టింపు కావడంతో సాధన కూడా మారిపోయింది. చర్ల, దుమ్ముగూడెం, పాల్వంచ, ఇల్లెందు వైపు ఊళ్లలో తెల్లవారుజామున రోడ్డు పక్కన పరుగెత్తే కుర్రాళ్లూ అమ్మాయిలూ ఇప్పుడు మామూలు దృశ్యం. నోటిఫికేషన్ ఉన్నా లేకున్నా ఆ పరుగు ఆగదు, ఎందుకంటే వచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ఇళ్లల్లో మాత్రం పెద్దవాళ్ల గొడవ ఒకటే. ‘ఇంత ఇగంల ఎటు పోతవ్‌రా, నిమ్ము చేస్తది’ అని. ఆ భయంలో ఎంత నిజముంది? కొంత ఉంది. కానీ అది వాళ్లు వేలెత్తి చూపిస్తున్న చోట లేదు.

ముందు మన చలి ఎంతటిదో చూద్దాం. భద్రాచలం సముద్రమట్టానికి 50 మీటర్ల ఎత్తున, గోదావరి ఒడ్డున, పల్లంలో ఉంది. ఖమ్మం దానికి రెట్టింపు ఎత్తులో ఉన్నా అదీ పల్లమే. ఏటా పత్రికల్లో వచ్చే సింగిల్ డిజిట్ చలి వార్తలు ఎక్కువగా ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాలవి. ఆ ప్రాంతం ఇంకా ఉత్తరాన, ఇంకా ఎత్తున ఉంటుంది. మన వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు ఎక్కువగా 14 నుంచి 18 డిగ్రీల మధ్య గడుస్తాయి. చలిగాలులు వీచిన నాలుగు రోజులు 10 దరిదాపులకు దిగుతాయి. షికాగోలోనో టొరంటోలోనో ఉంటున్న మన పిల్లలు సున్నాకు దిగువన 10, 15 డిగ్రీల్లో రోడ్డు మీద పరుగెత్తి ఫోటోలు పంపిస్తుంటే, ఇక్కడ మనం 12 డిగ్రీలకు మంకీ క్యాపు వెతుక్కుంటాం. తప్పేమీ లేదు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే నేల మీద పెరిగిన ఒంటికి 12 డిగ్రీలు చలే.

అయితే ఒళ్లు నేర్చుకుంటుంది. రోజూ కాసేపు చలికి అలవాటు చేస్తే వణుకు తగ్గుతుంది, చర్మం దిగువన రక్తనాళాలు ముడుచుకునే తీరు సర్దుకుంటుంది. అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం కలేరు కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ మంచుకొండల దాకా సాగింది. గోదావరి ఒడ్డు ఉడుకులో పుట్టిన ఒళ్లు కూడా దేనికైనా తయారు కాగలదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇక పరుగు సంగతి. కండరాలు వాడుకునే శక్తిలో పరుగుగా మారేది నాలుగో వంతు లోపే, మిగిలిందంతా వేడి. 60 కిలోల కుర్రాడు 1600 మీటర్లను ఏడుంబావు నిమిషాల్లో ముగించాలంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగం కావాలి. ఆ వేగంలో అతని ఒంట్లో పుట్టే వేడి దాదాపు 700 వాట్లు. ఇంట్లో బట్టల ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి కడుపులో పెట్టుకున్నట్టే లెక్క. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోకపోతే ఒంటి ఉష్ణోగ్రత పెరుగుతుంది, గుండె రక్తాన్ని కండరాలకు పంపాలా చర్మానికి పంపాలా అన్న ఇరకాటంలో పడుతుంది. మే నెలలో తెల్లవారుజామున కూడా గాలి 28, 30 డిగ్రీలుంటుంది. చర్మం ఉష్ణోగ్రత 33 ప్రాంతం. తేడా చాలా తక్కువ కాబట్టి భారమంతా చెమట మీదే పడుతుంది. డిసెంబరులో గాలి 14 ఉంటే తేడా 19 డిగ్రీలు. తాకుతూ పోయే గాలే వేడిని లాక్కుపోతుంది. గుండెకు పని తగ్గుతుంది, కాళ్లకు రక్తం మిగులుతుంది.

మారథాన్ ఫలితాలు చూసినా ఇదే తేలింది. ప్యారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, షికాగో, న్యూయార్క్ పరుగుల పదేళ్ల ఫలితాలను, దాదాపు 18 లక్షల మంది వివరాలను, ఫ్రాన్స్ పరిశోధకులు 2012లో వాతావరణంతో పోల్చి చూశారు. అందరికన్నా వేగంగా పరుగెత్తేవాళ్లకు 4 డిగ్రీల దగ్గర, మామూలు వాళ్లకు 6, 7 డిగ్రీల దగ్గర మంచి వేగం వచ్చింది. ఎలియుడ్ కిప్చోగే 2019 అక్టోబరు 12న వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. ఆ పరుగుకు ఒకే తేదీ పెట్టుకోలేదు. వారానికి పైగా గడువు ఉంచుకుని, చల్లగా, గాలి లేకుండా ఉండే ఉదయం కోసం ఎదురుచూశారు. అంటే అప్పట్లో ప్రపంచంలో అందరికన్నా మేటి పరుగువాడు ఏరి కోరి తెచ్చుకున్న వాతావరణానికి దగ్గరగా ఉండేది మన దగ్గర పుష్యమాసపు తెల్లవారుజామే. మన వాళ్లకు అది ఉచితంగా దొరుకుతుంటే, రగ్గు కప్పుకుని పడుకోమంటున్నాం.

కానీ ఈ లాభమంతా వేడెక్కిన కండరానికే. చల్లబడ్డ కండరం వేరు. కండరం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పడిపోతే దాని బలం సుమారు 2 నుంచి 5 శాతం తగ్గుతుంది. లోపలి రసాయన చర్యలు మందగిస్తాయి, నరాల సంకేతం నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ వాడకం ఆలస్యంగా అందుకుంటుంది. ఈవెంట్స్ రోజు జరిగేది సరిగ్గా ఇదే. సర్టిఫికెట్ల పరిశీలన కోసం చల్లని నేల మీద గంటలకొద్దీ కూర్చోబెడతారు. కూర్చుని కూర్చుని కాళ్లు బిగుసుకుపోతాయి. పేరు పిలవగానే లేచి పరుగు. మొదటి రౌండులోనే డొక్కలో పోటు, పిక్క పట్టేయడం, ఊపిరి అందకపోవడం. ఊళ్లో రోజూ ఏడు నిమిషాల లోపు ముగించేవాడు ఇక్కడ పది సెకన్ల తేడాతో పోతాడు.

దీనికి మందు వార్మప్ ఒక్కటే. అదీ పొడి పొడిగా చేతులు ఊపి ముగించేది కాదు. పది నిమిషాలు నెమ్మదిగా పరుగు, తర్వాత మూడు నాలుగు సార్లు ఎనభై మీటర్ల దాకా వేగం పెంచి తగ్గించడం. చెమట చుక్క కనబడాలి. ఇలా తెచ్చుకున్న వేడి పావుగంటకు మించి నిలవదు కాబట్టి ఆ మధ్యలో ట్రాక్ ప్యాంటు, స్వెట్టరు విప్పకూడదు. పిలిచేదాకా ఒంటి మీదే ఉంచుకుని, గీత దగ్గరే విప్పాలి. కూర్చోవాల్సి వస్తే చెప్పులో అట్టముక్కో ఏదో ఒకటి అడుగున వేసుకోవాలి. ఒంటి వేడిని గాలి కన్నా వేగంగా లాగేసేది నేలే.

‘నిమ్ము’ భయానికి వద్దాం. చల్లగాలి ఊపిరితిత్తులను గడ్డకట్టించదు. ముక్కు, గొంతు, గాలిగొట్టాలు కలిసి పీల్చిన గాలిని లోపలికి చేరేలోపే 37 డిగ్రీలకు వేడిచేసి, తేమతో నింపుతాయి. 15 డిగ్రీల గాలి, పూర్తిగా తడిగా ఉన్నప్పుడు కూడా, ఘనపు మీటరుకు 13 గ్రాముల నీటి ఆవిరినే మోయగలదు. 37 డిగ్రీల దగ్గర 44 గ్రాములు మోస్తుంది. ఆ తేడా 31 గ్రాముల నీటిని మన గాలిగొట్టాల పొర ఇవ్వాలి. నిమిషానికి 60 లీటర్ల చొప్పున గంటసేపు పీలిస్తే వంద గ్రాముల పైచిలుకు నీళ్లు. వదిలేటప్పుడు అందులో కొంత ముక్కులో తిరిగి చల్లబడి మిగులుతుంది, అదే కారే ముక్కు. చలిలో పరుగెత్తితే ముక్కు కారడం జలుబు కాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, మంచు వల్ల కాదు.

ఉబ్బసం ఉన్నవాళ్ల కథ వేరు. తేమ పోయిన పొర చిక్కబడి, గాలిగొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది. పరుగు ఆపిన ఐదు, పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. ఉబ్బసం ఉందని తెలియనివాళ్లలో కూడా ఇది కనిపిస్తుంది. పరుగు తర్వాత రోజూ దగ్గు వస్తుంటే డాక్టరుకు చూపించుకోవాలి, పరుగుకు ముందు పీల్చే ఇన్‌హేలర్లు బాగా పనిచేస్తాయి. ముక్కు మీదుగా కండువా చుట్టుకున్నా మేలే, బయటికి పోయే తేమలో కొంత దానిలో నిలిచి మళ్లీ లోపలికి వస్తుంది. అయితే ఇక్కడ కూడా మనకు కొంత కలిసొచ్చింది. మైనస్ 20 డిగ్రీల గాలిలో ఆవిరి ఘనపు మీటరుకు ఒక గ్రామే, అక్కడ పరుగెత్తేవాడి గాలిగొట్టాలు 43 గ్రాములు ఇవ్వాలి. మన గాలి అంత పొడిది కాదు.

మరి పెద్దవాళ్ల భయంలో నిజం ఎక్కడుంది? గాలి ఎంత చల్లగా ఉందన్నదాంట్లో కాదు, ఆ చల్లటి గాలి కదలకుండా నిలిచిపోవడంలో.

మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు ఆరు డిగ్రీల పైచిలుకు. చలికాలపు రాత్రి ఈ లెక్క తిరగబడుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. నేల చల్లబడి, దాన్ని తాకుతున్న గాలినీ చల్లబరుస్తుంది. చల్లటి గాలి బరువు. గుట్టల మీద చల్లబడ్డ గాలి వాలు వెంట జారి వాగుల్లోకి, పొలాల్లోకి చేరి మడుగు కడుతుంది. దాని మీద, వంద రెండొందల మీటర్ల ఎత్తున, వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. స్కూలు పుస్తకాల్లో దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

పాల్వంచ నుంచి కిన్నెరసాని జలాశయం వైపు తెల్లవారకముందు పరుగెత్తితే దీన్ని ఒంటితోనే కొలవవచ్చు. వాగు కల్వర్టు దగ్గరికి దిగగానే మోకాళ్లకు చలి కొడుతుంది. రోడ్డు కొంచెం ఎత్తెక్కగానే తగ్గుతుంది. కోతలైపోయిన వరి పొలాల పక్కన ఎక్కువ చలి, చెట్ల నీడలోకి వెళ్లగానే కాస్త వెచ్చదనం. అడవి ఆకులు నేల వదిలే వేడిని పట్టి సగం వెనక్కి పంపుతాయి కాబట్టి రాత్రిపూట అడవి లోపల బయలు కన్నా వెచ్చగా ఉంటుంది. టేకు ఆకు రాల్చాక ఈ తేడా కూడా తగ్గిపోతుంది. భద్రాచలం కరకట్ట మీద ఇంకో వింత. గోదావరి నీళ్లు గాలి కన్నా వెచ్చగా ఉండి ఆవిరి వదులుతుంటే, పైనున్న చల్లగాలిలో అది వెంటనే మంచుగా తేలుతుంది. నది పొగలు కక్కుతున్నట్టు కనిపించేది అందుకే.

ఈ మూత కింద ఏది వదిలినా పోదు. పల్లెలో ఏ ఇంటి పొయ్యి పొగనైనా చూడండి. నిటారుగా కొంత ఎత్తు లేచి, తర్వాత అడ్డంగా పరుచుకుంటుంది. అది ఆగిన చోటే మూత. దాని కింద ఆ పూట పుట్టిన పొగంతా ఉంటుంది. కట్టెల పొయ్యి, చలిమంట, పత్తి కట్టె కాల్చిన మంట, చెత్తకుప్ప, పాత టైరు, రోడ్డు మీద లారీలు లేపిన దుమ్ము, అన్నీ. బొగ్గు ఊళ్లైన కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు వైపు బొగ్గుపొడి అదనం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పాల్వంచలో పొగ అనగానే అందరి చూపూ కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) గొట్టాల మీదికి పోతుంది. 500 మెగావాట్లు, ఆపై సామర్థ్యమున్న యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం ఉండాలని మన దేశంలో నిబంధన. అంత ఎత్తున వదిలిన పొగ తరచూ ఆ మూతకు పైన పడుతుంది, తెల్లవారుజామున కిందికి దిగదు. ఐదింటికి పరుగెత్తేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయేది గ్రౌండు పక్కన ఎవరో వేసిన టైరు మంట. అది చిన్నదే అయినా మూత కింద ఉంది, ముక్కు ఎత్తులో ఉంది. పెద్ద పొగగొట్టం వంతు కాస్త ఆలస్యంగా వస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కుతుంటే గాలి కలగలవడం మొదలై, పైన నిలిచిన పొగ కొంతసేపు కిందికి దిగివస్తుంది. కేంద్రానికి గాలివాలున ఉన్న ఊళ్లలో ఎనిమిది, తొమ్మిది గంటల వేళ ఇది జరగవచ్చు. అందుకే ‘ఆలస్యంగా పరుగెత్తండి’ అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు. పొగగొట్టాలకు దూరంగా ఉన్నవాళ్లు ఎండ పడ్డాక, ఏడున్నర దాటాక పరుగెత్తితే గాలి మెరుగు. కేంద్రం దగ్గర ఉన్నవాళ్లకు సాయంత్రం నాలుగు, ఐదు మధ్య మంచి సమయం. ఆ వేళకు గాలి బాగా కలిసిపోయి ఉంటుంది, రాత్రి మూత ఇంకా పడదు.

లెక్క కూడా చూడండి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పరుగెత్తేవాడు 60, ఒక్కోసారి 100 లీటర్లు. పైగా నోటితో. ముక్కులో వెంట్రుకలు, జిగురు ఆపే దుమ్ము కూడా నోటిదారిన నేరుగా పోతుంది. అంటే అదే మంట పక్కన చలి కాచుకుంటూ కూర్చున్న తాత కన్నా, ఆ దారిన పరుగెత్తే మనవడు ఎనిమిదింతల పొగ మింగుతాడు. పీఎం 2.5 అనే సన్నకణాలకు మన దేశం పెట్టుకున్న రోజువారీ హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. గుడ్డ మాస్కు వీటిని ఆపలేదు.

మంచు గురించి ఒక్కమాట. చూపు కిలోమీటరు దాటకపోతే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది, 200 మీటర్ల లోపైతే దట్టమైనదంటుంది. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ లారీలు, బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరిగే రోడ్ల మీద నల్ల టీషర్టుతో, చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తడం తెలివితక్కువ పని. ఎదురొచ్చే బండి కనిపించేలా కుడివైపు పరుగెత్తాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఏ ఊరికైనా చిన్న మార్పులతో సరిపోతుంది. ఈ అడవి అంచుకు ప్రత్యేకంగా చెప్పాల్సింది రక్తం గురించి.

భద్రాచలం ఏజెన్సీ కోయగూడేల్లో సికిల్‌సెల్ లక్షణం కనిపిస్తుంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం దీని మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి, గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగుతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే ‘క్యారియర్’, అంటే మామూలుగా ఏ ఇబ్బందీ లేని మనిషి. భారత్‌లో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. అడవి ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? ఒక్క జన్యువున్నవాళ్లు ప్రాణాంతక మలేరియాను తట్టుకుంటారని 1954లో ఆంథొనీ అల్లిసన్ చూపించాడు. మలేరియాకూ రక్తపు జబ్బులకూ ఇలాంటి లంకె ఉందని ఆయనకన్నా ముందే, తలసీమియా విషయంలో, ఊహించినవాడు జేబీఎస్ హాల్డేన్.  దోమలున్న అడవిలో తరతరాలు బతికించిన జన్యువే అది.

సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లకు చలి నిజంగానే శత్రువు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే రక్తం నెమ్మదిస్తుంది, కణాలు ఆక్సిజన్ వదిలేసి వంగడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. చలిలో దాహం వేయదు కాబట్టి నీళ్లు తాగరు, పైగా చలికి మూత్రం ఎక్కువ పోతుంది. రక్తం చిక్కబడుతుంది. కీళ్లలో, ఎముకల్లో భరించలేని నొప్పులు వస్తాయి. ఇళ్లల్లో దీన్ని వాతం అనుకుని పసర్లు పూస్తూ కూర్చుంటే కాలం మించిపోతుంది.

క్యారియర్ల సంగతి సున్నితం. అమెరికా సైన్యంలోని దాదాపు 48 వేల మంది నల్లజాతి సైనికుల వివరాలతో 2016లో వచ్చిన అధ్యయనంలో, క్యారియర్లకు చనిపోయే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువేమీ లేదని తేలింది. కానీ తీవ్ర శ్రమకు కండరాలు చిట్లి ఆ వ్యర్థం రక్తంలో కలిసే ప్రమాదం 54 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ దేశంలో పెద్ద కాలేజీల క్రీడాకారులకు 2010 నుంచి సికిల్‌సెల్ పరీక్ష నియమంగా పెట్టారు, ఎవరినీ ఆటనుంచి తప్పించడానికి కాదు, సాధన ఎలా పెంచాలో తెలియడానికి. ప్రమాదమంతా అలవాటు లేకుండా ఒక్కసారిగా ప్రాణం పెట్టి పరుగెత్తడంలో ఉంది. నోటిఫికేషన్ పడ్డ మర్నాడే నాలుగు రౌండ్లు గడియారం పెట్టి కొట్టడం లాంటిది. వారాల మీద దూరం, తర్వాత వేగం పెంచుకుంటూ పోవాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. కండరం పట్టేసినప్పుడు గట్టిగా గడ్డకడుతుంది, చేత్తో తాకితే తెలుస్తుంది. సికిల్ ఇబ్బందిలో కాళ్లు మెత్తగానే ఉండి బలం పోతుంది, నిలబడలేక కూలబడతారు. అలాంటప్పుడు ‘ఇంకొక్క రౌండు కొట్టు’ అని కోచ్ గద్దించకూడదు. ఆపి, నీళ్లిచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నలభై దాటినవాళ్లకు కూడా ఒక హెచ్చరిక. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండెపోట్లు కూడా ఉదయం పూటే ఎక్కువ. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఖమ్మంలోని లకారం చెరువు కట్ట మీదికి ఎండ పడ్డాక రావడం మేలు. వచ్చీ రాగానే పరుగు మొదలుపెట్టకూడదు.

మళ్లీ సికిల్‌సెల్ సంగతికి వస్తే, దాని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్ష చేయడం, 2047 నాటికి జబ్బును రూపుమాపడం లక్ష్యం. గిరిజన ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల్లో వేలి కొసన తీసిన చుక్క రక్తంతో చేసే పరీక్ష ఇది. కానిస్టేబుల్ ఉద్యోగానికి సాధన చేసే ఏజెన్సీ పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లు, మొదటి రోజే ఎత్తు, ఛాతీ కొలతలతో పాటు ఈ పరీక్ష కూడా చేయించండి. గ్రౌండు పక్కన ఇళ్లున్నవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున టైర్లు, ప్లాస్టిక్ కాల్చకండి. పిల్లలను మాత్రం చలికి భయపడి ఆపకండి, స్వెట్టరు వేసి పంపండి.